ఇంటి పట్టునే ఒక ఎండాకాలపు ఆదివారం: ఖర్చు తక్కువ, పని ఎక్కువ, హడావుడి లేకుండా

సెలవు రోజు ఇంట్లోనే ఉండిపోదాం అనుకుంటే అది రెండు రకాలుగా చెడుతుంది. పొద్దున్నే మంచం మీద ఫోన్ చేతిలోకి తీసుకుంటే చూస్తుండగానే పన్నెండవుతుంది. ఆకలికి ఆగలేక బయట నుంచి బిర్యానీ తెప్పించుకుంటాం. లేదంటే నెల రోజులుగా పేరుకున్న పనులన్నీ ఆ ఒక్క రోజే తేల్చేద్దామని దిగుతాం. సాయంత్రానికి నడుం పట్టేసి ఇంట్లో అందరి మీదా విసుక్కుంటాం.

ఈ రెండూ కాకుండా రోజు హాయిగా గడవాలంటే, వాటంతట అవే జరిగే పనుల చుట్టూ రోజును అల్లుకోండి. పెసలు నానడం, వడియాలు ఎండడం, పాలు తోడుకోవడం, పరుపులకు ఎండ తగలడం లాంటివి. వీటిలో మన చెయ్యి పడేది కాసేపే. మిగతాదంతా నీళ్లూ, ఎండా, సెగా చూసుకుంటాయి. మధ్యలో మిగిలే సమయమంతా మీదే.

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఆదివారాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మండిపోతోందని మనం తిట్టుకునే ఆ ఎండే ఈ రోజుకు పెద్ద పెట్టుబడి. వానాకాలంలో, ఎండ సరిగా పడని అపార్ట్‌మెంట్లలో ఏం మార్చుకోవాలో చివర్లో చెబుతాను.

శనివారం రాత్రి

పడుకునే ముందు పావుగంట వంటింట్లో ఉండండి. నలుగురున్న ఇంటికి ఒకటిన్నర గ్లాసు పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం కడిగి నానబెట్టండి. ఇంకో గుప్పెడు పెసలు విడిగా చిన్న గిన్నెలో వేయండి. పొద్దున వాటిని తడిగుడ్డలో మూటకడితే మర్నాటికి మొలకలు వస్తాయి.

ఒక గ్లాసు సగ్గుబియ్యం రెండుసార్లు కడిగి, పైన ఒక అంగుళం నిలిచేలా నీళ్లు పోసి ఉంచండి. ఇవి వడియాలకు.

ఫ్రిజ్‌లో వారం రోజులుగా మీగడ దాచి ఉంటే బయటకు తీసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టండి. పొద్దుటికి కమ్మగా పులుస్తుంది, చిలకగానే వెన్న తేలుతుంది. పాలు తోడు పెట్టడం మామూలే. అయితే ఎండాకాలంలో పాలు గోరువెచ్చగా కాదు, దాదాపు చల్లారాక, తోడు కూడా కొంచెం తగ్గించి వేయండి. లేకపోతే తెల్లారేసరికి పెరుగు పుల్లబడుతుంది.

తర్వాత కరెంటు మీటరు దగ్గరికి వెళ్లి రీడింగు ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లలుంటే ఆ పని వాళ్లకే అప్పగించండి. దీని సంగతి తర్వాత చెబుతాను.

ఆఖరున, రేపు ఏ పని ఎవరిదో మాట్లాడుకోండి. ఇది మిగతా వాటన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో ముగ్గురు పడుకుని ఒకరు పొద్దుటి నుంచి రాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడితే ఆ ఆదివారం ముగ్గురికే సెలవు. వడియాలు పెట్టేది ఒకరు, అట్లు పోసేది ఇంకొకరు, అంట్లు తోమేది మరొకరు, పరుపులు మోసేది అందరూ. మగపిల్లలకు అట్టు తిప్పడం నేర్పడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

ఎండ ఎక్కకముందే వడియాలు

పొద్దున ఆరింటికల్లా లేవండి. ఆలస్యంగా లేచేవాళ్లను బలవంతపెట్టకండి గానీ, వడియాల పని మటుకు ఏడున్నరకు అయిపోవాలి. మొదటి రోజు పూర్తి ఎండ తగిలితేనే అవి పుల్లవాసన రాకుండా ఎండుతాయి.

మందపాటి గిన్నెలో ఐదారు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, నానిన సగ్గుబియ్యం వేసి, సన్నటి సెగ మీద కలుపుతూ ఉండండి. అడుగంటే గుణం దీనికి బాగా ఎక్కువ. గింజ మధ్యలో తెల్లచుక్క పోయి అద్దంలా కనబడిందంటే ఉడికినట్టే. నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర నూరి కలపండి. ఉప్పు దగ్గర జాగ్రత్త. గంజిలో రుచి చూస్తే చప్పగా ఉందనిపించేంతే వేయండి. నీరు ఎండిపోయాక ఉప్పు అంతా ఆ చిన్న వడియంలోనే మిగులుతుంది. గంజిలో సరిపోయిందంటే వేయించాక ఉప్పుకషాయమే. దించాక కాస్త నిమ్మరసం పిండితే తెల్లగా వస్తాయి.

పాత నూలు పంచె గానీ, చీర గానీ తడిపి పిండి, డాబా మీద పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టండి. గంజి గోరువెచ్చగా ఉండగానే గరిటెతో చిన్న చిన్న చుక్కలుగా పెట్టండి. చల్లారితే సరిగా పరుచుకోదు. సాయంత్రం గుడ్డతో సహా ఇంట్లోకి తెచ్చేయండి. రెండో రోజు గుడ్డ వెనకవైపు నీళ్లు చిలకరిస్తే వడియం చేత్తోనే ఊడి వస్తుంది. తర్వాత పళ్లెంలో పోసి ఇంకో రోజో రెండ్రోజులో ఎండబెట్టి, విరిస్తే టప్పుమని విరిగే దాకా చూసి డబ్బాలో పొయ్యండి. గ్లాసు సగ్గుబియ్యం చూడ్డానికి కొంచెమే అనిపిస్తుంది గానీ, పప్పుచారు పెట్టుకున్నప్పుడల్లా నాలుగేసి వేయించుకుంటే చాలా రోజులొస్తాయి. మీరు మొదటిసారి చేస్తున్నట్టయితే గుమ్మడి వడియాల జోలికి పోకండి. బూడిదగుమ్మడి ముక్కలు ముందురోజు కోసి, ఉప్పు కలిపి, మూటగట్టి నీరంతా ఓడ్చాలి. మినప్పప్పు గట్టిగా రుబ్బాలి. అది రెండు రోజుల పని.

వడియాలు పెట్టి కిందికి దిగేటప్పుడే పరుపులు, దిండ్లు, బొంతలు ఎండలో వేయండి. పన్నెండింటికి ఒకసారి తిరగేస్తే చాలు. చెమట వాసన, ముక్కవాసన అన్నీ పోతాయి. దీనికి ఏ స్ప్రే సీసా కొనక్కర్లేదు.

పెసరట్టు, వెన్న, నెయ్యి

పెసరట్టు పిండి పులియక్కర్లేదు. రుబ్బిన వెంటనే పోసుకోవచ్చు. అందుకే సెలవు రోజుకు దీన్ని మించిన టిఫిన్ లేదని నా అభిప్రాయం. నానిన పెసల్లో అల్లం ముక్క, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి, నీళ్లు తక్కువ పోసి రుబ్బండి. పిండి జారుగా అయితే అట్టు పెనానికి అంటుకుంటుంది. పెనం బాగా కాలాక ఒకసారి నీళ్లు చిలకరించి తుడిచి పల్చగా పోయండి. పైన ఉల్లిపాయ ముక్కలు చల్లండి. పక్కన అల్లప్పచ్చడి ఉంటే ఇంక వేరే ఏదీ అడగరు.

ఒకరు అట్లు పోస్తుంటే ఇంకొకరు మీగడ చిలకొచ్చు. చల్లటి నీళ్లు పోసి కవ్వంతో గానీ, మిక్సీలో కొద్దికొద్దిగా ఆపి ఆపి తిప్పి గానీ చేస్తే వెన్న ముద్ద కడుతుంది. ఆ ముద్దను నీళ్లు తేటగా వచ్చే దాకా రెండు మూడుసార్లు కడగండి. వెన్నలో మజ్జిగ మిగిలిపోతే నెయ్యి త్వరగా వాసన మారుతుంది. సన్నటి సెగ మీద కాచండి. చిటపటలు తగ్గి, అడుగు గోధుమరంగుకు వచ్చినప్పుడు నాలుగు మునగాకులో, ఒక తమలపాకో వేసి దించెయ్యండి. వడకట్టాక గిన్నె అడుగున మిగిలిన మడ్డిని పారబోయకండి. అందులో వేడన్నం, చిటికెడు ఉప్పు వేసి కలిపి పిల్లలకు పెడితే గిన్నె తోమే పని సగం తగ్గుతుంది. వెన్న తీసిన మజ్జిగ మధ్యాహ్నం తాగడానికి ఉంటుంది.

పదింటి నుంచి పన్నెండింటి దాకా: ఒక్క పని

ఎండా, సెగా వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఈ రెండు గంటల్లో ఇంట్లో చాలాకాలంగా వాయిదా పడుతున్న ఒకే ఒక్క పనిని పట్టుకోండి. అది పూర్తిగా అవ్వాలి. సగం సగం చేసిన మూడు పనుల కన్నా పూర్తయిన ఒక పని మనసుకు ఎక్కువ నెమ్మదినిస్తుంది. ఏం చేయొచ్చో కొన్ని చెబుతాను.

ఊడిన బొత్తాలు, విడిపోయిన కుట్లు ఉన్న బట్టలన్నీ ఒకచోట పోయండి. సూది, దారం తీసుకుని కూర్చుంటే ఆ రెండు గంటల్లో పది బట్టలు మళ్లీ కట్టుకునేలా అవుతాయి. పనికిరావని తేలిన బనియన్లను మసిగుడ్డలుగా చింపండి. కొనే తుడుపుగుడ్డల కన్నా పాత నూలుగుడ్డ బాగా పీల్చుకుంటుంది.

లేదంటే ఫ్యాన్లు తుడవండి. స్విచ్ ఆపి, రెక్కకు పాత దిండు గలీబు తొడిగి, మెల్లగా లాగితే దుమ్మంతా గలీబు లోపలే పడుతుంది. మంచం మీద రాలదు.

గ్యాస్ సిలిండర్‌ను చూడటం కూడా పెద్ద పనే, ఎవరూ చేయరు. పైన పట్టుకునే రింగును మోసే పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు అది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే జూన్ దాకా, సీ అంటే సెప్టెంబర్ దాకా, డీ అంటే డిసెంబర్ దాకా. అంకెలు సంవత్సరం. గడువు దాటిన సిలిండర్ వస్తే తీసుకోకుండా వెనక్కి పంపొచ్చు. సిలిండర్ మీద ఖాళీ బరువు కూడా ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు సిలిండర్ బరువు రావాలి. రబ్బరు ట్యూబు మీద ముద్రించిన తేదీని కూడా చూడండి, ఐదేళ్లకోసారి మార్చాలి.

కూర్చుని చేసే పని కావాలంటే ఫోన్‌లో యూపీఐ యాప్ తెరిచి ఆటోపే అనే చోటికి వెళ్లండి. చూడని సినిమా యాప్‌లకూ, ఎప్పుడో ట్రయల్ కోసం నొక్కినవాటికీ నెలనెలా డబ్బు పోతుంటే అక్కడ కనబడుతుంది. అక్కడే రద్దు చేయొచ్చు. మళ్లీ ఫోన్ పక్కన పెట్టెయ్యండి.

మధ్యాహ్నం వంట

ఈ కాలానికి మామిడికాయ పప్పు, బీరకాయ కూర, బీరపొట్టు పచ్చడి, మజ్జిగ చాలు. కందిపప్పును అరగంట ముందు నానబెడితే కుక్కర్‌లో త్వరగా మెత్తబడుతుంది. అన్నం, పప్పు ఒకే కుక్కర్‌లో వేర్వేరు గిన్నెల్లో పెట్టండి. మామిడికాయ ముక్కలను మటుకు పప్పులో కలపకండి, వేరే గిన్నెలో ఉడికించి తర్వాత కలపండి. పులుపు తగిలితే పప్పు బద్దలుబద్దలుగానే ఉండిపోతుంది. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించెయ్యండి. నీళ్లు ఒకసారి మరిగాక పెద్ద మంట పెట్టినా వంట త్వరగా అవదు, గ్యాస్ మాత్రం అయిపోతుంది.

బీరకాయ గట్టి ఈనెలు మాత్రం తీసి పారేయండి. మిగతా పొట్టును చెంచాడు నూనెలో పచ్చివాసన పోయే దాకా వేయించి, ఎండుమిరపకాయలు, మినప్పప్పు, జీలకర్ర పోపుతో, కాస్త చింతపండుతో రుబ్బితే కూర కన్నా ముందు పచ్చడే అయిపోతుంది. ఒక్క బీరకాయతో రెండు వంటకాలు. బియ్యం కడిగిన మొదటి నీళ్లు కరివేపాకు కుండీలో పోయండి. చారుకు పిసికిన చింతపిప్పి మిగిలితే దాంతో ఇత్తడి కుందులు తోమండి, కొత్తవాటిలా మెరుస్తాయి.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు

పడమటి వైపు కిటికీలకు పదకొండింటికల్లా పరదాలు దించాలి. ఎండ గదిలోకి వచ్చాక పరదా వేస్తే పెద్ద లాభం ఉండదు. తాగే నీళ్లకు మట్టికుండ పెట్టుకుంటే ఫ్రిజ్ తలుపు తెరిచే పని తగ్గుతుంది. కుండను గాలి ఆడని మూలలో పెట్టకండి. కుండ రంధ్రాల్లోంచి చెమ్మ ఆరుతున్నప్పుడే లోపలి నీళ్లు చల్లబడతాయి, అందుకు గాలి తగలాలి. నాలుగు వట్టివేళ్లు కడిగి అందులో వేస్తే నీళ్లకు మంచి వాసన వస్తుంది.

ఏసీ ఉన్నవాళ్లు మధ్యాహ్నం అందరూ ఒకే గదిలో చేరండి. 24 గానీ, 26 గానీ పెట్టి ఫ్యాన్ కూడా వేసుకోండి. కరెంటు పొదుపు వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుంది. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన కూడా ఉంది.

భోజనం తర్వాత ఒక కునుకు తీయండి. దీనికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నా దృష్టిలో ఈ రోజు మొత్తంలో ఖాళీగా వదలాల్సిన సమయం ఇదే. నిద్ర పట్టనివాళ్లు రేడియో పెట్టుకోండి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిని రేడియో సెట్ లేకపోయినా న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో పైసా ఖర్చు లేకుండా వినొచ్చు. ఫోన్‌ను బోర్లా పెట్టి వింటే కళ్లకు కూడా సెలవే.

పిల్లలుంటే సుద్దముక్కతో నేల మీద అష్టాచెమ్మా గీయండి. ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్లు. మధ్య గడిలోనూ, నాలుగు వైపులా అంచుల మధ్యలోనూ అడ్డగీతలు వేస్తే అవి ఇళ్లు, అక్కడ ఉన్న కాయను చంపకూడదు. గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజలను ఒకవైపు గచ్చు మీద తెల్లబడే దాకా అరగదీయండి. ఆ నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. గింజలు అరగదీయడమే పిల్లలకు ఒక గంట ఆట. అమ్మమ్మో, నాయనమ్మో ఇంట్లో ఉంటే పందెం వేసే పద్ధతులన్నీ వాళ్లనే అడగండి. ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఆడతారు, ఆ తేడాలు చెప్పడంలో వాళ్లకు ఎంతో సంతోషం ఉంటుంది.

సాయంత్రం

ఐదింటికి డాబా ఎక్కి వడియాల గుడ్డ, పరుపులు దించండి. పరుపులను వెంటనే పరిచి పడుకోకండి, ఫ్యాన్ కింద వేడి చల్లారనివ్వండి.

కుండీ ఖాళీగా ఉంటే పోపుడబ్బాలోని మెంతులు రెండు చెంచాలు చల్లి, పల్చగా మట్టి కప్పి, నీళ్లు చిలకరించండి. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, నెల తిరక్కుండానే మెంతికూర కోసుకోవచ్చు. ఎండాకాలంలో ఆ కుండీకి పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ పట్టాలి. బజారులో కొన్న పుదీనా కాడలు ఆకులు దూశాక గ్లాసు నీళ్లలో నిలబెడితే వేళ్లు పోసుకుంటాయి. ఉల్లిపొట్టు, కూరగాయల చెత్తను అడుగున చిల్లులున్న పాత బకెట్‌లో వేసి, ప్రతిసారీ పైన ఎండుటాకులు కప్పుతుంటే కొన్ని నెలలకు ఎరువవుతుంది. ఎండుటాకులు తక్కువైతే వాసన వస్తుంది. అంతే, దానికి వేరే రహస్యం లేదు.

రాత్రికి పొయ్యి పెద్దగా వెలిగించక్కర్లేదు. మధ్యాహ్నపు అన్నం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి ఉంచితే, మిగిలిన మామిడికాయ తురిమి పులిహోర కలపొచ్చు. మొలకెత్తిన పెసలు సోమవారం డబ్బాలోకి వెళ్తాయి.

మీటరు లెక్క

భోజనాలయ్యాక మళ్లీ మీటరు చూసి, నిన్నటి అంకె తీసెయ్యండి. ఆ వచ్చినవి ఒక రోజు యూనిట్లు. ముప్ఫైతో గుణిస్తే నెల బిల్లు ఏ స్లాబులో పడుతుందో అర్థమవుతుంది. పై స్లాబుకు వెళ్లేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క తెలియడం నిజంగా డబ్బే.

యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు తీసుకునే కరెంటు. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజంతా తిరిగితే 1.8 యూనిట్లు. సుమారు 30 వాట్లతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 0.72. చలికాలంలో వాడే 2000 వాట్ల గీజర్ అరగంటలోనే ఒక యూనిట్ తీసుకుంటుంది. పిల్లల చేత ఈ గుణకారాలు చేయిస్తే, ఖాళీ గదిలో ఫ్యాన్ కట్టేయమని మర్నాటి నుంచి వాళ్లే మనకు చెబుతారు.

వానాకాలమైతే, డాబా లేకపోతే

బాల్కనీలో రెండు మూడు గంటలే ఎండ వచ్చే ఇల్లయితే వడియాలు అరగ్లాసుతో పెట్టండి. గుడ్డ బదులు పళ్లేలకు నూనె రాసి వాటిలో పెడితే ఎండ జరిగిన చోటికల్లా పళ్లేన్ని జరపొచ్చు. రాత్రి ఫ్యాన్ కింద ఉంచండి. ఒకరోజు ఎక్కువ పడుతుంది, అంతే.

వాన పట్టిన ఆదివారం ఎండను మర్చిపోయి సెగ పని పెట్టుకోండి. కందిపొడి చేయండి. ఒక గ్లాసు కందిపప్పు, అరేసి గ్లాసు శనగపప్పు, పెసరపప్పు, పది పన్నెండు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర. పప్పులు ఒక్కోటి ఒక్కో సైజు కాబట్టి కలిపి వేయించకూడదు, పెసరపప్పు మాడేసరికి కూడా శనగపప్పు పచ్చిగానే ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి, సన్నటి సెగ మీద, లోపలి దాకా ఎర్రబడేలా వేయించండి. పూర్తిగా చల్లారాక ఉప్పు వేసి, కొంచెం బరకగా మిక్సీ పట్టండి. వేడిగా ఉండగా పట్టినా, డబ్బాలో పోసి మూత పెట్టినా చెమ్మ పట్టి పొడి ముద్దకడుతుంది. తడి తగలని చెంచా వాడితే నెల రోజులు నిలవుంటుంది. పొద్దున కాచిన నెయ్యి ఉంటే మొదటి ముద్ద ఆ రాత్రే కలుపుకోండి.